వావివరుసలు – మానవశాస్త్రము

పినతండ్రి కుమారుడు అన్నయో తమ్ముడో అగుననియు, మేనమామ కుమారుడు బావయో మరదియో అగుననియు తెలుగు బిడ్డకు ఎవ్వరును ప్రత్యేకముగా పాఠము చెప్పరు. మాటలతోపాటే ఆ తెలివియు అబ్బును. పెండ్లిపందిటిలో క్రొత్త ముఖము కనబడినపుడు ముసలమ్మలు మొదట వేయు ప్రశ్న, “నీవు మాకేమి వరస?” అని. సమాధానము దొరికిన వెంటనే, ఎవరితో పరిహాసమాడవచ్చునో, ఎవరియెదుట ఒదిగి యుండవలెనో, ఎవరి యింట పిల్లనడుగవచ్చునో, ఎవరి యింట అడుగరాదో అంతయు ఒక్కసారిగా తేలిపోవును. ఇంత సామాన్యమైన విషయము ఒక శాస్త్రమునకు పునాదిరాళ్లలో ఒకటి యైనదనియు, ఆ రాతిని పేర్చినవాడు తెలుగుదేశమును కన్నులార చూడని ఒక అమెరికా న్యాయవాది యనియు తెలిసినవారు తక్కువ.

దక్షిణదేశపు వరుసలలోని విశేషమును గమనించినవారిలో అతడు మొదటివాడు కాడు. రెండువేల యేండ్లకు పూర్వమే బౌధాయన ధర్మసూత్రకారుడు దక్షిణాదివారికి ప్రత్యేకములైన అయిదు ఆచారములను పేర్కొనుచు, మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుటను వానిలో చేర్చెను. అంతతో ఆగక, ఉత్తరాదివారి ప్రత్యేకాచారములను గూడ అయిదింటిని చెప్పి, ఏ దేశపు ఆచారము ఆ దేశమున చెల్లునని ఒక పక్షమును, చెల్లదని గౌతముని పక్షమును తెలిపెను. పరుల ఆచారమును తన ఆచారపు కొలకఱ్ఱతో కొలువవచ్చునా యను ప్రశ్న నేడు మానవశాస్త్ర విద్యార్థి మొదటి యేట చదువుకొను ప్రశ్నయే. సూత్రకారునకు అది వింతగా తోచలేదు.

ఇక ఆ న్యాయవాది మాట. లూయీ హెన్రీ మోర్గాన్ 1818లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, రోచెస్టరు పట్టణమున న్యాయవాదిగా స్థిరపడినవాడు. 1844లో ఆల్బనీ నగరమున ఒక పుస్తకాల దుకాణములో ఆయనకు ఈలీ పార్కర్ అను సెనెకా జాతి యువకుడు తారసపడెను. గ్రంథములకొఱకు పోయినచోట మనుష్యుడు లభించుట అరుదైన అదృష్టము. అప్పటికి పార్కరుకు పదునారేండ్లు. తమ భూములను కాజేయజూచు వ్యాపారులనుండి వానిని కాపాడుకొనుటకు ప్రభుత్వముతో మాట్లాడవచ్చిన పెద్దలకు దుబాసీగా అతడు ఆ నగరమునకు వచ్చియుండెను. ఇరువురకు స్నేహము కుదిరినది. మోర్గాన్ సెనెకాల భూమి తగవులో వారి పక్షమున నిలిచెను. వారు ఆయనను తమ గణములలో ఒకదానికి దత్తత చేసికొనిరి. ఇరోక్వా కూటమిని గూర్చి మోర్గాన్ 1851లో ప్రకటించిన గ్రంథము పార్కరుకే అంకితము. ఆ పార్కరే తరువాత అంతర్యుద్ధమున గ్రాంట్ సేనానికి కార్యదర్శియై, 1865లో దక్షిణ సేనల లొంగుబాటు షరతులకు శుద్ధప్రతి వ్రాసినవాడు.

సెనెకా జాతివారి యిండ్లలో మోర్గానును తికమక పెట్టిన విషయము పిలుపుల పద్ధతి. వారు తండ్రి సోదరుని తండ్రి యనియే పిలుతురు. తల్లి సోదరిని తల్లి యందురు. వారి బిడ్డలు తోబుట్టువులు. తల్లి సోదరునకు మాత్రము వేరు పేరు, తండ్రి సోదరికి వేరు పేరు, వారి బిడ్డలకు మఱియొక పేరు. ఇంగ్లీషు మాటలాడువారికి తండ్రి సోదరుడును అంకులే, తల్లి సోదరుడును అంకులే. నలువురి బిడ్డలును కజిన్లే. కనుక మోర్గానుకు ఇది సెనెకాల సొంత కల్పనయని తోచెను. 1858లో గనుల వ్యవహారమునకై సుపీరియర్ సరస్సు తీరమునకు పోయినపుడు, వేఱు భాష మాటలాడు ఒజిబ్వా జాతివారిలోను ముఖ్యాంశములలో అదే పద్ధతి కనబడినది. అప్పుడాయన బంధువుల నన్ని కోణములనుండి అడుగు రెండువందలకు పైబడిన ప్రశ్నలతో ఒక పట్టికను సిద్ధము చేసెను. వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థ దానిని అచ్చువేయించి, దేశదేశములందలి రాయబారులకును మతప్రచారకులకును పంపినది.

ఆర్కాటు ప్రాంతమున పనిచేయుచుండిన స్కడ్డర్ కుటుంబపు మతప్రచారకులవలన మోర్గానుకు తమిళుల వరుసలు తెలిసినవి. భూగోళమునకు ఆవలి వైపున, అదే పొందిక! తమిళము, తెలుగు, కన్నడము మూడును ఆయన పట్టికలలో పక్కపక్కన చేరినవి. మన పెదతండ్రి, పినతల్లి, మేనత్త, బావ, మరదలు ఆ విధముగా అమెరికాలో అచ్చుకెక్కిరి. ఈ శ్రమకు ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. 1862లో మిస్సోరీ నదిమీద ఆదివాసుల వరుసలు సేకరించుచు దూరప్రయాణములో నుండగా, ఇంటివద్ద ఇద్దరు కుమార్తెలును జ్వరమువలన మరణించిరి. ఆ వార్త ఆయనకు దారిలోనే అందినది.

ఇక్కడ తెలుగు వరుసల పొందికను కొంచెము నిలిచి చూడవలెను; లేనిచో తరువాత జరిగిన వివాదము బోధపడదు. తండ్రి అన్నదమ్ములు తండ్రులే: పెదతండ్రి, పినతండ్రి. తల్లి అక్కచెల్లెండ్రు తల్లులే: పెదతల్లి, పినతల్లి. ఒకే లింగమునకు చెందిన తోబుట్టువులు ఒకరి స్థానమున నొకరు నిలువగలరు. అన్నాచెల్లెండ్ర మధ్య మాత్రము గీత పడును. ఆ గీతకు ఆవల నున్నవారు మామలు, అత్తలు. వారి బిడ్డలు బావలు, మరదులు, వదినెలు, మరదండ్రు. టైలర్ అను ఆంగ్ల పండితుడు 1880ల చివర ఈ బిడ్డలకు ‘క్రాస్ కజిన్’ అను పేరు పెట్టెను. తెలుగువారికి దానికై క్రొత్త మాట అక్కరలేదు, ‘మేన’ అను రెండక్షరములు చాలును. తల్లి సోదరుడు మామ, మేనత్త మగడు మామ, భార్య తండ్రి మామ, భర్త తండ్రి మామ. అత్తయు నంతే. సోదరి కుమారుడు మేనల్లుడు, కూతురి మగడు అల్లుడు. సోదరి కుమార్తె మేనకోడలు, కుమారుని భార్య కోడలు. పెండ్లి కాకముందే బంధువులందరు రెండు రాసులుగా విడిపోయి యున్నారు. ఒక రాశి వారు తోబుట్టువులు, వారితో వివాహము తలంపరానిది. రెండవ రాశి వారు ‘వరసైనవారు’. సమాన వయస్కులైన స్త్రీపురుషులకు తెలుగువారి బంధుత్వములో మూడవ స్థానము లేదు. అక్క కూతురిని పెండ్లాడు ఆచారమున్న యిండ్లలో అక్కయే అత్తగా మారుట మాత్రము ఈ లెక్కను కొంత చిక్కుపఱచును.

మోర్గాన్ తన గ్రంథమును 1871లో వెలువరించెను. సెనెకా, తమిళ, తెలుగు వరుసల వంటివానికి ‘వర్గీకరణ పద్ధతి’ యనియు, ఇంగ్లీషువంటివానికి ‘వివరణ పద్ధతి’ యనియు పేర్లు పెట్టెను. క్రోబర్ అను అమెరికా పండితుడు 1909లో దీనికి గట్టి ఆక్షేపణ తెలిపెను. నలుగురు వేర్వేరు బంధువులను అంకుల్ అను ఒక్క మాటలో కలిపివేయునది వర్గీకరణ కాక మఱేమి? ఇది న్యాయమైన ప్రశ్న. ఎవరి భాష వారికి స్వచ్ఛమైన అద్దముగను, పరుల భాష వంకరగాజుగను తోచుట మానవ స్వభావము. మానవశాస్త్రము దీనికి ‘స్వజాతికేంద్ర దృష్టి’ యని పేరు పెట్టినది. ఆ శాస్త్రమును స్థాపించినవారే దానికి లోబడియుండిరి.

పేర్లతో ఆగియున్న పోరు లేకపోవును. ఈ పోలికనుండి మోర్గాన్ రెండు నిర్ణయములు తీసెను. అమెరికా ఆదివాసులు ఆసియానుండి వచ్చిరనుటకు ఇది సాక్ష్యమని మొదటిది. వారు ఆసియానుండి వచ్చిన మాట నిజమేయని ఇతర సాక్ష్యములవలన తేలినది. అయినను వరుసల పోలిక దానికి ఋజువు కాదు, అటువంటి పద్ధతులు సంబంధము లేని జాతులలో విడివిడిగా పుట్టవచ్చును. రెండవ నిర్ణయము గడుసైనది. తండ్రి సోదరుని తండ్రి యని పిలుచుచున్నారనగా, పూర్వము అన్నదమ్ములందరు భార్యలను ఉమ్మడిగా కలిగియుండిరనియు, ఎవరు తండ్రియో తెలియని కాలపు జాడ యీ మాటలలో శిలవలె మిగిలినదనియు ఆయన యూహించెను. 1877లో ప్రకటించిన ‘ప్రాచీన సమాజము’ అను గ్రంథమున మానవులను అడవి దశ, అనాగరిక దశ, నాగరిక దశ యని మూడు మెట్లమీద నిలిపెను. ఏంగెల్సు 1884లో కుటుంబమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునకు ఆధారము ఇదియే. ఈ లెక్కన పెదనాన్నను నాన్నయను ప్రతి తెలుగు బిడ్డయు, తెలియకయే, తన పూర్వులమీద సాక్ష్యము చెప్పుచున్నట్లే! మోర్గానుతో కలహించిన మెక్లెన్నన్ అను స్కాట్లండు న్యాయవాది ఇవి కేవలము మర్యాద పిలుపులేయని కొట్టివేసెను. పల్లెలలో రక్తసంబంధము లేని యిరుగుపొరుగులను, కులము వేఱైనవారిని సైతము బాబాయి, మామ, అన్న యని వరుసలు కలిపి పిలుచుకొనుట చూచినవారికి మెక్లెన్నన్ మాటలో కొంత నిజము కనబడును. కాని సొమ్ము పంచుకొనునపుడు, మైలపట్టునపుడు, పిల్లనిచ్చునపుడు ఏది మర్యాదపిలుపో, ఏది నిజమైన వరుసయో పల్లెవారెవ్వరును పొరపడరు.

తన గణములో పెండ్లాడక వెలుపల పెండ్లాడుటకు బహిర్వివాహమనియు, తన సమూహములోనే పెండ్లాడుటకు అంతర్వివాహమనియు నేడు వాడుచున్న పేర్లకు ఇంగ్లీషు మూలములను 1865లో కల్పించినవాడు ఈ మెక్లెన్ననే. ఒకే యింటిపేరు వారి మధ్య పెండ్లి కూడదనుట మొదటిది, కులములోనే పెండ్లి జరుగవలెననుట రెండవది. రెండు నియమములును ఒకే యింట పక్కపక్కన పనిచేయుచుండుట మనకు వింతగా తోచదు.

1871లో మఱి రెండు సంగతులు జరిగినవి. లండనులో టైలర్ ‘ఆదిమ సంస్కృతి’ అను గ్రంథమును ప్రకటించి, సంస్కృతి యను మాటకు శాస్త్రార్థము నిచ్చెను. జ్ఞానము, విశ్వాసము, కళ, నీతి, చట్టము, ఆచారము మొదలుగా మనుష్యుడు సంఘములో పుట్టి పెరుగుటచేత నేర్చుకొనునదంతయు ఆయన దృష్టిలో సంస్కృతియే. సామాన్య వ్యవహారములో సంస్కృతి యనగా సంస్కారము, చదువు, సంగీతము. శాస్త్రార్థములో సంస్కృతి లేని మనుష్యుడే యుండడు. 1952 నాటికి పండితులు ఈ మాటకు చెప్పిన నిర్వచనములు 160కి మించినవని ఇద్దరు ఆచార్యులు లెక్కగట్టిరి; అయినను, పుట్టుకతో రక్తములో వచ్చునది వేఱు, పెంపకముతో నేర్చుకొనునది వేఱు అను మూలసూత్రము మాత్రము నిలిచినది.

ఆ యేడే, కలకత్తాలో కొలువుతీరిన బ్రిటిషు ప్రభుత్వము ఆ సూత్రమునకు సరిగా విరుద్ధమైన చట్టమును చేసినది. అదియే నేరస్థ జాతుల చట్టము. వడ్రంగి కొడుకు వడ్రంగి యగునట్లు దొంగ కొడుకు దొంగయే యగునను తలంపు దాని పునాది. 1911 నాటి సవరించిన చట్టముతో అది మద్రాసు రాజధానికి వ్యాపించినది. ఎరుకలవారిలో పలువురు తరతరములుగా గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పును, ధాన్యమును మోసికొనిపోయి అమ్మి బ్రతికినవారు. ఉప్పుమీద సర్కారు గుత్తాధికారము, పిమ్మట రైలుమార్గములు ఆ వర్తకమును దెబ్బతీసినవి. బ్రతుకుతెరువు పోయినవారి తిరుగుడును ప్రభుత్వము నేరస్వభావముగా వ్రాసికొన్నది. బాపట్ల సమీపమున స్టువార్టుపురము వంటి స్థావరములలో వారిని నిలిపి హాజరుపట్టీలు పిలిచిరి. మద్రాసు మ్యూజియము అధికారి థర్‌స్టన్, రంగాచారి తోడ్పాటుతో 1909లో ఏడు సంపుటములలో దక్షిణదేశపు కులములను, తెగలను వర్ణించిన గ్రంథములో ముక్కుల, తలల కొలతలు కూడ గలవు. వివరములకు నేటికిని అవి అక్కరకు వచ్చుచున్నను, ఆ కొలతలు మనుష్యుని గూర్చి ఏమియు చెప్పజాలవు. తలకొలతలకు పెద్ద దెబ్బ తగిలినది అమెరికాలో. వలసవచ్చినవారి బిడ్డల తలల ఆకారము తల్లిదండ్రుల తలలకంటె మారుచున్నదని 1911 ప్రాంతమున ఫ్రాంజ్ బోయాస్ ఆచార్యుడు చూపెను. ఒకే విధమైన ఆచారము వేర్వేరు చోట్ల వేర్వేరు కారణములచేత పుట్టవచ్చునని, కావున జాతులన్నిటిని ఒక్క నిచ్చెనమీద నిలుపరాదని ఆయన 1896లోనే వాదించి యుండెను. ఏ ఆచారమునైనను ఆ జనుల జీవితములోనే ఉంచి అర్థము చేసికొనవలెనను ఆయన శిష్యుల పద్ధతికి సాంస్కృతిక సాపేక్షత యని పేరు వచ్చినది. నేరస్థ జాతుల చట్టము మాత్రము 1952 వఱకు నిలిచినది.

వరుసల చిక్కుముడి దక్షిణదేశములోనే విడినది. నీలగిరులలో తోడాలమధ్య 1901–02లో ఉండి వంశావళులు వ్రాసికొన్న రివర్స్ అను ఆంగ్ల వైద్యుడు, 1907లో, మామయను ఒక్క మాట తల్లి సోదరునకును పిల్లనిచ్చినవానికిని చెల్లుటకు కారణము మేనరికమేయని చూపెను. మేనమామ కూతురే భార్య యైనచోట ఆ మామయే ఈ మామ. గతించిన సామూహిక వివాహమును తవ్వి తీయనక్కర లేదు, ఎదుట జరుగుచున్న వివాహమును చూచిన చాలును. మోర్గాన్ ఇంత దగ్గఱి కారణమును ఎట్లు విడిచెనని ఆశ్చర్యము కలుగును. ఆయన సెనెకాలలో మేనరికము లేదు. అదియే అడ్డమై యుండవచ్చును.

అప్పటినుండి శాస్త్రజ్ఞులు పట్టికలను విడిచి పల్లెలకు పోసాగిరి. మాలినోవ్‌స్కీ 1915–18 మధ్య పసిఫిక్ సముద్రములోని ట్రోబ్రియాండ్ దీవులలో ఆ ప్రజల భాష నేర్చి, వారి నడుమ గుడారము వేసికొని నివసించెను. పాల్గొనుచు పరిశీలించుట యను పద్ధతికి ఆయన గ్రంథములు మార్గము. అక్కడ బిడ్డ తల్లి వంశమునకు చెందును. బిడ్డకు పెద్దదిక్కు మేనమామ. అతడు తన పంటలో మంచిభాగమును సోదరి యింటికి పంపవలెను. తండ్రి కేవలము ప్రేమించువాడు. మాతృవంశీయత యనగా ఆడువారి దొరతనము కాదని, ఆస్తి, పేరు తల్లివైపున నడచుట యని దీనివలన స్పష్టమైనది.

ఆస్ట్రియా దేశస్థుడగుటచే మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచయుద్ధ కాలమున శత్రుదేశీయుడుగా లెక్కింపబడెను. రెండవ యుద్ధములో అదే గతి పట్టిన మఱియొక ఆస్ట్రియను హైమన్‌డార్ఫ్. ఆయనకు హైదరాబాదు సంస్థానములో నుండుటకు అనుమతి లభించినది. నల్లమల చెంచులమీద 1943లోను, గోదావరి కొండరెడ్లమీద 1945లోను, ఆదిలాబాదు రాజగోండులమీద 1948లోను ఆయన గ్రంథములు వెలువడినవి. 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీమ్ హతుడైన పిమ్మట, గోండుల అలజడికి కారణమేమని నిజాము ప్రభుత్వము ఆయననే విచారింప నియోగించెను. కారణము వారి స్వభావములో లేదు, చేజారిన భూములలో నున్నదని ఆయన తెలిపెను. గోండులకు భూముల పట్టాలు ఇప్పించుటలోను, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించుటలోను ఆయన కృషి కలదు. ఆయన సతీమణి ఎలిజబెత్ 1987లో గతించినపుడు మార్లవాయిలోనే సమాధి చేసిరి. చట్టము నేరమును రక్తములో వెదకినచోట ఈ పరిశోధకుడు భూమి దస్తావేజులలో వెదకెను.

చెంచులను గూర్చిన సంగతి ఒకటి మోర్గాన్ నిచ్చెనకు నేరుగా తగులును. విల్లమ్ములతో వేటాడుచు, గడ్డలు త్రవ్వుకొని జీవించిన వారు ఆ నిచ్చెనపై అట్టడుగున నుండవలెను. కృష్ణా డెల్టాలో వరి పండించి, నూఱేండ్ల క్రిందటనే అచ్చు పత్రికలు చదివిన కుటుంబములు పైమెట్టున నుండవలెను. కాని చెంచుల భాష తెలుగే. ఇద్దరి యిండ్లలోను మామ మామయే, బావ బావయే. ఇద్దరిలోను గోత్రములు, ఇంటిపేర్లు వేఱైనవారి మధ్యనే పెండ్లి. ఇద్దరికిని మేనరికము ఇష్టమైనదే. బ్రతుకుతెరువు మెట్లును, వరుసల పొందికయు ఒకదానితో నొకటి ముడిపడి నడువవనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యము వలదు.

నేడు మేనరికములు తగ్గుచున్నవి. దగ్గఱి రక్తసంబంధులకు పుట్టు బిడ్డలలో కొన్ని వంశపారంపర్య వ్యాధులు హెచ్చుగా కనబడునని వైద్యులు చెప్పుట ఒక కారణము. చదువులు, దూరదేశపు ఉద్యోగములు మఱియొక కారణము. అంకుల్, ఆంటీ అను మాటలు పట్టణములను దాటి పల్లెలకు వచ్చినవి. అన్నాచెల్లెండ్ర నడుమనున్న పాతగీతను ఈ రెండు మాటలు చెఱిపివేయును. అయినను పెండ్లి శుభలేఖ వ్రాయునపుడు గీత మఱల కనబడుచున్నది.

ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమాన్ 1953లో, ద్రావిడ వరుసలు వివాహసంబంధమునే ఆధారముగా చేసికొన్నవని, బావ మొదట పెండ్లివైపు బంధువేయని వివరించెను. 1981లో ట్రౌట్‌మన్ ద్రావిడ బంధుత్వ చరిత్రను సమగ్రముగా పరిశీలించెను. ఈ నడుమ, 1964లో, లౌన్స్‌బరీ అను అమెరికా భాషావేత్త మోర్గాన్ వ్రాసిపెట్టిన సెనెకా పట్టికలను మరల విప్పి చూచెను. దగ్గఱి బంధువులయెడ సెనెకా, ద్రావిడ వరుసలు ఒకటే. ఒక తరము దూరము జరిగిన వెంటనే అవి విడిపోవును. తండ్రికి బావయైనవాడు తెలుగు బిడ్డకు మామ. సెనెకా బిడ్డకు అతడు తండ్రి. మోర్గాన్ ఏ పోలికను చూచి భూగోళమును చుట్టివచ్చెనో ఆ పోలికలోనే చీలిక యున్నది. దానిని చూపు వరుసలు 93 సంవత్సరములు ఆయన సొంత పుస్తకములోనే అచ్చై యుండినవి.